సముద్రపు దొంగలు గట్టెక్కారా?

పాడుబడిన చర్చి. పక్కనే నీటి మర. దాన్నుంచి ఊడిపోయిన పెద్ద చెక్క చక్రం దొర్లుకుంటూ అడవిలోకి పోతుంటుంది. చక్రం మీదా లోపలా ముగ్గురు మగాళ్లు... ముగ్గురి చేతుల్లోనూ కత్తులు. కాలు జారితే కింద పడి నలిగిపోతారు. అయినా ఒకరి మీద ఒకరు దూస్తూనే ఉంటారు. ఇదంతా ఒక పెట్టె కోసం, దాని తాళంచెవి కోసం!

'పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్: డెడ్ మ్యాన్స్ చెస్ట్' సినిమాలోని ఘట్టమిది. 2003లో వచ్చిన మొదటి భాగం బ్రహ్మాండంగా ఆడటంతో 2006 జులైలో ఈ రెండోది విడుదలైంది. డిస్నీలాండ్‌లో 1967 నుంచి పిల్లలు ఎక్కి తిరుగుతున్న ఓ పడవ ఆట ఈ సినిమాలకు మూలమంటే నమ్మబుద్ధి కాదు. రెండో భాగానికి అయిన ఖర్చు దాదాపు 22 కోట్ల 50 లక్షల డాలర్లు. ఆనాటి మన డబ్బులో వెయ్యి కోట్ల రూపాయల పైమాటే. వసూళ్లు? టైటానిక్, లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడో భాగం... ఆ రెండింటి తర్వాత వంద కోట్ల డాలర్లు దాటిన మూడో సినిమా ఇదే. 2017 దాకా ఈ వరసలో మొత్తం ఐదు భాగాలు వచ్చాయి.

చక్రం మీది పోరాటాన్ని ఏ ఊరి ప్రేక్షకుడైనా ఈల వేసి చూస్తాడు. కర్నూలు జిల్లా పడమటి అంచున ఆదోని, ఎమ్మిగనూరు వైపు పుట్టిపెరిగినవాడికి మాత్రం అది చూస్తుంటే దసరా రాత్రి గుర్తుకురాక మానదు.

ఆ వైపు హొళగుంద మండలంలో ఉంది దేవరగట్టు. గట్టు మీద మాళ మల్లేశ్వర స్వామి గుడి. విజయదశమి అర్ధరాత్రి స్వామివారికీ అమ్మవారికీ కల్యాణం చేస్తారు. తర్వాత ఉత్సవమూర్తులు ఊరేగింపుగా కొండ దిగుతాయి. ఆ మూర్తుల్ని తామే దక్కించుకోవాలని చుట్టుపక్కల ఊళ్ల జనం కర్రలతో తోసుకొస్తారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట... ఈ మూడు ఊళ్లవాళ్లూ దేవుళ్ల చుట్టూ కోటలా నిలబడతారు. దివిటీల వెలుగులో, ఇనుప కడియాలు తొడిగిన కర్రలు గాలిలో లేస్తాయి. తలలు పగులుతాయి. పగిలినచోట పసుపు అద్దుకుని మళ్లీ గుంపులో కలిసేవాళ్లే ఎక్కువ. స్థానికులు దీన్ని బన్ని అంటారు. పేపర్లూ టీవీలూ పెట్టిన పేరు కర్రల సమరం. మణి, మల్లాసురులనే రాక్షసుల్ని స్వామి సంహరించాడన్న కథ దీని వెనకుంది.

వేల మంది జనం, చీకటి, పొగ... అంత గందరగోళంలోనూ ఎవరు ఏ వైపో, దేనికోసమో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. దర్శకుడు గోర్ వెర్బిన్‌స్కీ పట్టుకున్న కిటుకూ అదే. పెట్టెలో ఉన్నది డేవీ జోన్స్ అనే సముద్ర పిశాచి గుండెకాయ. దాన్ని పొడిచేస్తే నాన్న చెర విడిపోతుందని విల్ ఆశ. అది చేతిలో ఉంటే తన బాకీ మాఫీ అవుతుందని జాక్ స్పారో ఎత్తు. పోయిన ఉద్యోగం, పరువు తిరిగొస్తాయని నారింగ్టన్ ఆరాటం. ముగ్గురివీ మూడు న్యాయాలు. అందుకే చక్రం ఎంత గిర్రున తిరిగినా చూసేవాడి తల తిరగదు. ఫైట్ మాస్టర్ ఎంత గొప్పవాడైనా కొట్టుకునేవాడికి కారణం లేకపోతే అది సర్కస్ అవుతుందని మన సినిమాలు చూసినవాళ్లకు వేరే చెప్పాలా!

ఇంకో గొప్ప సంగతి ఆ డేవీ జోన్సే. గడ్డానికి బదులు ఆక్టోపస్ కాళ్లు, ఒక చేతికి ఎండ్రకాయ డెక్క. ముఖమంతా కంప్యూటర్ గీసిందే. బిల్ నై అనే నటుడు బూడిదరంగు దుస్తులు వేసుకుని సెట్‌లో మిగతావాళ్లతో కలిసి నటిస్తే, ఆ కదలికల్ని పట్టుకుని ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ నిపుణులు ఈ రూపం తయారుచేశారు. ఆ ఏటి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వాళ్లకే దక్కింది. బొమ్మ ఎంత బాగున్నా కళ్లలో జీవం లేకపోతే దండగ. ఈ పిశాచి ఒంటరిగా కూర్చుని వాద్యం వాయిస్తుంటే కంట్లో నీరు తిరుగుతుంది. ప్రేమలో దెబ్బతిని గుండె పెకలించుకుని పెట్టెలో దాచుకున్నవాడు మరి. విలన్ మీద జాలి పుట్టించడం చిన్న విషయం కాదు. ఇన్నేళ్ల తర్వాత చూసినా ఆ గ్రాఫిక్స్ పాతబడినట్టు అనిపించవు. ఓడల్ని అమాంతం నలిపేసే క్రాకెన్ జంతువు కూడా అంతే. మొదట దాన్ని చూపించరు. ఓడ మాత్రం ఒక్కసారి కుదుపుతో ఆగిపోతుంది, అంతే!

మరి లోపాలో?

మొదటిది లెక్కల గోల. జాక్ డేవీ జోన్స్‌కి బాకీ. తన ఓడను నీళ్లలోంచి పైకి తీసినందుకు నూరేళ్ల చాకిరీ చెయ్యాలి, లేదా మూడు రోజుల్లో నూరు ప్రాణాలు తెచ్చివ్వాలి. విల్ తన పెళ్లికూతుర్ని విడిపించుకోవాలంటే జాక్ దిక్సూచి తెచ్చివ్వాలి. దిక్సూచి కావాలంటే తాళంచెవి వెతకాలి. ఆ తాళంచెవి జోన్స్ దగ్గరుంది... ఆదోని పత్తి మార్కెట్లో ముప్ఫై ఏళ్లు పద్దులు రాసిన గుమస్తాకైనా ఈ బాకీలు తేలవు. రెండున్నర గంటల సినిమాలో మొదటి గంట దీనికే సరిపోయింది.

రెండోది జాక్ స్పారో. మొదటి భాగంలో జానీ డెప్ ఆ తూలుడు నడకా, కాటుక కళ్లూ చూసి జనం విరగబడ్డారు. ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. రెండో భాగంలో ఆ నడకే కథైంది. హిట్టయిన మేనరిజాన్ని పదిసార్లు చేయించే జబ్బు మన దగ్గరే ఉందనుకుంటే పొరపాటే. నయమేమిటంటే, చివర్లో పారిపోయే అవకాశం ఉండీ అతను ఓడ కోసం వెనక్కి వస్తాడు. ఆ ఒక్క మలుపులో మళ్లీ మనిషిలా కనిపిస్తాడు.

మూడోది ముగింపు. ముగింపే లేదు కదా అని సరిపెట్టుకోవాలి. రెండూ మూడూ భాగాల్ని కలిపి తీశారు కాబట్టి సగం కథ దగ్గర తెర దించేశారు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో తెలుసుకోవడానికి 2015 నుంచి 2017 దాకా ఆగిన మన జనానికి ఇదేమంత కొత్త కాదు. అయినా బాహుబలిలో ఒక ప్రశ్న మిగిలింది. ఇక్కడ మిగిలినవి అరడజను.

ఈ మూడూ క్షమించదగ్గవే. నాలుగోదే మింగుడుపడదు.

కథలో జాక్ ఒక దీవిలో దొరికిపోతాడు. అక్కడివాళ్లు ఒంటికి రంగులు పూసుకుని అరుస్తుంటారు. మనుషుల్ని కాల్చుకు తింటారు. జాక్‌ని దేవుడిగా కూర్చోబెట్టి, ఆ దేవుణ్ణే నిప్పుల మీద పెట్టబోతారు. ఎముకల పంజరాలు లోయలో ఊగడం, పండ్లతో పాటు జాక్ కర్రకు కట్టుబడి పరిగెత్తడం... నవ్వు రాదని ఎలా అంటాం? వస్తుంది. పైగా ఈ భాగం మొత్తం కత్తిరించినా కథకు చిల్లిగవ్వ నష్టం లేదు.

షూటింగ్ జరిగిన డొమినికా దీవిలో కరీబ్ అనే ఆదివాసీ జాతి ఉంది. ఆ సముద్రానికి కరీబియన్ అని పేరొచ్చింది వాళ్ల వల్లే. మనిషిమాంసం తినేవాళ్లకు ఇంగ్లిషువాళ్లు వాడే కానిబాల్ అన్న మాట పుట్టింది కూడా ఆ పేరు నుంచే. కొలంబస్ కాలంలో అంటుకున్న ముద్ర అది. 2005లో వాళ్ల పెద్ద చార్లెస్ విలియమ్స్ సినిమా వాళ్లకు అభ్యంతరం చెప్పాడు. మా పూర్వీకులు నరమాంస భక్షకులు కారు, ఆక్రమించడానికి వచ్చినవాళ్లతో పోరాడారు, ఆ మచ్చ మళ్లీ వెయ్యొద్దన్నది ఆయన వాదన. ఘట్టం మాత్రం తీసెయ్యలేదు. ఆ జాతివాళ్లు 2015లో తమ సీమకు కాలినాగో అన్న సొంత పేరును అధికారికంగా తెచ్చుకున్నారు. సినిమా పేరులో మాత్రం కరీబియన్ అలాగే ఉంది.

ఎక్కడి డొమినికా, ఎక్కడి దేవరగట్టు అంటారా? సమరసింహారెడ్డి (1999), నరసింహనాయుడు (2001), ఇంద్ర (2002)... ఆ వరసలో వచ్చిన సినిమాల్లో సీమ అంటే సుమోలు, బాంబులు, తొడగొట్టుళ్లు. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కునే ఆదోని కుర్రాణ్ణి ఇంటాయన సగం నవ్వుతూ, సగం అనుమానంగా "మీ వైపు బాంబులు ఇంట్లోనే చేస్తారటగా" అని అడిగితే అది జోకే. పదోసారి విన్నాక జోకు కాదు.

దసరా మర్నాడు టీవీ పెడితే చాలు. పగిలిన తలలు, నెత్తురోడే ముఖాలు, వెనక హోరు మ్యూజిక్. ఆ కెమెరా చూపించింది అబద్ధం కాదు. దేవరగట్టులో దెబ్బలు నిజం. సినిమాలో పడిపోయినవాడు కట్ చెప్పగానే లేస్తాడు, ఇక్కడ లేవనివాళ్లూ ఉన్నారు. ఏటా పదుల మంది ఆస్పత్రి పాలవుతారు. పోలీసులు, కెమెరాలు, వైద్య శిబిరాలు, అవగాహన సభలు... ఎన్ని పెట్టినా కర్రలు ఆగలేదు. భర్తో కొడుకో గట్టు మీదికి వెళ్లాక తెల్లారేదాకా నిద్రపోని ఆడవాళ్లకు సంప్రదాయం గొప్పదని ఉపన్యాసం చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

కానీ ఆ కెమెరాకు కనపడనివి కూడా ఉన్నాయి. పగలూ ప్రతీకారాలూ లేవని ఆ ఊళ్లవాళ్లు ముందుగా చేసుకునే పాలబాస. రక్షపడ దగ్గర గొరవయ్య తొడ కోసి ఇచ్చే పిడికెడు నెత్తురు. అంతా అయ్యాక పూజారి చెప్పే కార్ణికం... వానలెలా ఉంటాయి, జొన్నలకూ పత్తికీ ధర ఎంత పలుకుతుంది అని చెవులు రిక్కించి వినే రైతులు. దెబ్బలాటకు ముందూ వెనకా ఉన్న ఈ కథ లేకుండా నెత్తురు ఒక్కటే చూపిస్తే, చూసేవాడికి రంగులు పూసుకుని అరిచే ఆ దీవి జనమే కనపడతారు. చక్రం మీద ముగ్గురు తెల్లవాళ్లకు ముగ్గురికీ కారణాలు ఇచ్చిన దర్శకుడికి ఆ దీవివాళ్లలో ఒక్కడికైనా ఒక్క కారణం ఇవ్వాలని తోచలేదు. మూడో భాగంలో మనవాడు శ్రీ సుంభజీ కూడా ఉన్నాడు, హిందూ మహాసముద్రపు దొంగల నాయకుడు. ఇంగ్లిషు కంపెనీ ఓడల్ని గడగడలాడించిన మరాఠా నావికుడు కాన్హోజీ ఆంగ్రే కొడుకు శంభాజీని గుర్తుచేసే పేరు. కానీ నోరు తెరిస్తే కీచుగొంతు. హాల్లో నవ్వులు!

అయితే ఒకచోట మాత్రం ఈ సినిమా మన వైపు మనిషికి సూటిగా తగులుతుంది. ఇందులో అసలు విలన్ డేవీ జోన్స్ కాదు. ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన బెకెట్ అనే పొట్టి దొర. కత్తి పట్టడు, అరవడు. బల్ల ముందు కూర్చుని కాగితాలతో పని కానిస్తాడు. ఆదోనిని కంపెనీ పుచ్చుకున్నదీ అలాగే. 1800లో నిజాం తన దగ్గరున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద ఈ సీమనంతా రాసిచ్చేశాడు. దత్త మండలాలన్న పేరు అప్పటిదే. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి శిస్తులు కట్టాడు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలోనే ఉన్నాయి.

సినిమా చివర్లో చక్రం మీద అంత కొట్టుకున్న ముగ్గురిలో నారింగ్టన్ ఆ గుండెకాయను సంచిలో వేసుకుని తెచ్చి బెకెట్ బల్ల మీద పెడతాడు. సంచి కదులుతుంటుంది. క్రాకెన్ మింగేసిన జాక్ తిరిగొస్తాడా అన్న అనుమానం ఎవరికీ ఉండదు, పోస్టర్ మీద బొమ్మ అతనిదే కదా. 2007లో జనం మూడో భాగానికి క్యూ కట్టడానికి అసలు కారణం ఉండాల్సింది ఆ సంచి.