గతిలేని కూరలు

ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో ఫైళ్ళతో కాపురం చేసి చేసి నాకు లోకమంతా గ్రేడులుగానే కనిపిస్తుంది. కూరగాయలు కూడా అంతే. వంకాయ, బెండకాయ, ఉర్లగడ్డ గెజిటెడ్ హోదా గలవి. పెళ్ళి విస్తరిలో వాటి చోటు వాటికి ఖాయం. బీరకాయ, చిక్కుడుకాయ హెడ్ గుమాస్తాలు. ఇక మటికాయ, ముల్లంగి, సొరకాయ, నూల్‌కోల్ అన్నవి మావంటి వారు. ఏడాది పొడుగునా సంసారం లాగేది అవే, పేరు మాత్రం రాదు. ఇంటికి అల్లుడు వచ్చిన నాడు ముల్లంగి వండిన ఇల్లాలిని నేను ఇంతవరకు చూడలేదు.

పేరు విషయంలోనూ వాటికి స్థిరం లేదు. మేము మటికాయ అనేదాన్ని కోస్తా వారు గోరుచిక్కుడు అంటారు, మా వీధిలోని కన్నడం వారు చవళికాయి అంటారు. మన నూల్‌కోల్ వారికి నవిలుకోసు. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిసినవి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. మా బంధువులు సగం అటు, సగం ఇటు. గీత మనుషుల మధ్య పడింది గాని కూరల మధ్య పడలేదు. జొన్నరొట్టె, శెనక్కాయల పొడి, పుంటికూర రెండు పక్కలా ఒక్కటే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ళ క్రితం మా అమ్మకు చక్కెర జబ్బు వచ్చింది. డాక్టరుగారు కాగితం రాసిచ్చారు. అన్నం తగ్గించాలి, ఉర్లగడ్డ మానాలి, ముల్లంగి, సొరకాయ, మటికాయ, ఆకుకూరలు బాగా తినాలి. నేను ఆ కాగితం చదువుతుంటే అమ్మ మొహం తిప్పుకొంది.

"మళ్ళీ ఆ గతిలేని కూరలే నా నెత్తిన పెట్టినావా నాయనా?" అంది.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. 1991లో మా నాయన పనిచేసే పత్తి జిన్నింగు ఫ్యాక్టరీ మూతబడింది. ఆయనకు మళ్ళీ నిలకడైన పని దొరకడానికి రెండేళ్ళు పట్టింది. మేము అప్పుడు కౌల్ బజారులో అద్దెకుండేవాళ్ళం. అమ్మ పొద్దు గూకిన తరువాత మార్కెట్టుకు పోయేది. దుకాణాలు ఎత్తేసే వేళకు ఎవరూ కొనని కూరలు అగ్గువగా దొరికేవి. ముదిరిన మటికాయలు, బెండుబారిన ముల్లంగి, పీచుపట్టిన నూల్‌కోల్. రెండేళ్ళు అవే తిన్నాము. నాకు పదేళ్ళు. బడిలో డబ్బా మూత తీస్తే ముల్లంగి వాసన వచ్చేది. తోటి పిల్లలు ముక్కు మూసుకునేవారు. ఒకనాడు కూరంతా మోరీలో పారబోసి, తిన్నానని అమ్మతో అబద్ధం చెప్పాను. ఆ సంగతి ఆమెకు ఈనాటికీ చెప్పలేదు.

డాక్టరుగారు చెప్పినా అమ్మ తినలేదు. ఊరగాయ నంజుకొని పిడికెడన్నం తిని లేచేది. మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గింది. నా భార్య బడిలో పనిచేస్తుంది, పొద్దున్నే పోవాలి. అందుచేత సాయంకాలపు వంట నేను నెత్తిన వేసుకొన్నాను. వంట నాకు తెలియదు. అయితే పొరపాట్లు చేసి దిద్దుకోవడం గుమాస్తాకు కొత్తగాదు.

ముందు నేర్చుకొన్నది మటికాయ. నారతీసి, చిన్న ముక్కలు చేసి, ఉప్పునీళ్ళలో మెత్తబడేదాకా ఉడికించి నీళ్ళు వార్చాలి. అప్పుడు చేదు పోతుంది. తిరగవాతలో తెల్లగడ్డ దంచి వేసి, ఆఖరున వేయించిన శెనక్కాయల పొడి నాలుగు చెంచాలు చల్లాలి. పొడి ముందే వేస్తే అడుగంటుతుంది. మొదటిసారి అడుగంటింది.

ముల్లంగికి శత్రువు దాని ఘాటు. తురిమి, ఉప్పు కలిపి, పావుగంట తరువాత గట్టిగా పిండితే ఘాటు సగం నీళ్ళతో పోతుంది. ఆ తురుమును పెరుగులో కలిపి, ఆవాలు, మిరపకాయ తిరగవాత పెడితే మా పిల్లవాడు కూడా తిన్నాడు. బీరకాయ పొట్టు, సొరకాయ పొట్టు నూనెలో వేయించి, నువ్వులు, చింతపండు, పచ్చిమిరపకాయలతో రుబ్బితే పచ్చడి. ఇవి మన ఇల్లాళ్ళకు తెలిసినవే, నేను కొత్తగా కనిపెట్టింది లేదు.

కొత్తది టర్నిప్. మా పక్కింట్లో తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో పనిచేసే పంజాబీవారు ఉన్నారు. ఆ ఇంటామె పెరట్లో అక్టోబరులో విత్తనాలు చల్లి, డిసెంబరులో గడ్డలు పెరికింది. వాళ్ళు షల్గం అంటారు. తెల్లని గడ్డ, భుజాల మీద ఊదారంగు. ఆకులతో సహా ఒక కట్ట మాకిచ్చింది. పంజాబులో దీన్ని కారట్, కాలీఫ్లవరుతో కలిపి తీపిపులుపు ఊరగాయ పెడతారని, కాశ్మీరులో రాజ్మాతో కలిపి వండుతారని చెప్పింది.

ఆవాలకు ఇది దగ్గరి చుట్టం. అందుకే ఆ ఘాటు. నూరు గ్రాముల ఉర్లగడ్డలో పిండిపదార్థాలు దాదాపు 17 గ్రాములుంటే, దీంట్లో 6 గ్రాములే. అమ్మకు పనికివస్తుందని నాకు ఆశ పుట్టింది.

ఐరోపాలో ఉర్లగడ్డ రాకముందు బీదవాళ్ళ కడుపు నింపింది ఈ టర్నిప్పేనట. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916-17 చలికాలాన, జర్మనీలో ఉర్లగడ్డ పంట పోతే జనం దీని జాతిదే అయిన ఇంకొక గడ్డ తిని బ్రతికారు. ఆ కాలానికి ఆ గడ్డ పేరే పెట్టారు. తరువాత చాలామంది దాన్ని ముట్టలేదు. అది చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. వాళ్ళ కోపం గడ్డ మీద కాదు, ఆ రోజుల మీద.

మన యెణ్ణెగాయి వంకాయ పద్ధతినే పట్టుకొన్నాను. చిన్న గడ్డలు ఏరాలి, పెద్దవి బెండుబారుతవి. తొక్కు కొంచెం మందంగానే తీయాలి, చేదు దాంట్లోనే ఉంటుంది. తొడిమ విడిపోకుండా నాలుగు పక్షాలుగా చీల్చి, ఉప్పు రాసి కాసేపు ఉంచాలి. వేయించిన శెనక్కాయలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, చింతపండు కలిపి నూరి కూరాలి. కన్నడం వారు బెల్లం వేస్తారు, నేను మానేశాను. నూనెలో, మూత పెట్టి, సన్నని సెగ మీద మెత్తబడేదాకా మగ్గించాలి. అంతకు మించి ఉడికితే ఇల్లంతా గంధకం వాసన.

మిగిలిన ఆకును నా భార్య చెత్తలో వేయబోతే, పక్కింటామె మాట గుర్తుకువచ్చి ఆపాను. కడిగి, సన్నగా తరిగి, పెసరపప్పుతో ఉడికించి, తిరగవాత వేశాను.

అమ్మ కంచంలో రొట్టె, గడ్డ కూర, ఆకుపప్పు పెట్టాను. గడ్డ కొరికి, "వంకాయ కాదే ఇది" అంది. ఆకుపప్పు నోట పెట్టుకొని చెయ్యి ఆపింది. బాగాలేదేమో అనుకొన్నాను.

"అప్పుడు నేను నూల్‌కోల్ ఆకు, ముల్లంగి ఆకు ఇట్లనే పప్పులో వేసేదాన్ని," అంది. "ఆకు వాళ్ళు ఊరికే పారేసేవాళ్ళు. మనుషులకని అడగను నోరు రాలేదు నాయనా. మా ఆవుకని చెప్పి అడిగేదాన్ని. ఒక ముసలామె రోజూ నా కోసం ఎత్తిపెట్టేది. 'ఆవు బాగుందా?' అని అడిగేది. బాగుంది, పాలిస్తా ఉంది అనేదాన్ని."

మాకు ఆవు ఎన్నడూ లేదు.

నేనేమీ మాట్లాడలేకపోయాను. ఆమె అబద్ధం చెప్పి తెచ్చిన కూరనే నేను మోరీలో పారబోసి అబద్ధం చెప్పింది. ఆ రాత్రి నా సంగతి కూడా చెప్పేశాను. అమ్మ కొంచెంసేపు నన్ను చూసి, "నాకు తెలుసులే. ఆకలితో ఇంటికొచ్చి రెండు రొట్టెలు తిన్నావు ఆ పొద్దు," అంది. ఇంకొంచెం పప్పు వేయమని కంచం జరిపింది.

ఇప్పుడు అమ్మ ఈ కూరలు తింటుంది. అన్నీ కాదు. సొరకాయ అంటే ఇంకా గొణుగుతుంది. తగ్గిన నాలుగు కిలోల్లో రెండు తిరిగి వచ్చినవి.

మొన్న ఆదివారం మార్కెట్టులో ముల్లంగి కొన్నాను. అమ్మే అజ్జి అలవాటు కొద్దీ ఆకు తుంచి పక్కన పారేయబోయింది. "అజ్జీ, అదూ కొడి" అన్నాను. ఆమె నవ్వి, "హసువిగా?" అని అడిగింది. ఆవుకా అని.

"అల్ల అజ్జీ, మనెగె" అన్నాను. ఇంట్లోకే అని.

ఇంకో రెండు కట్టల ఆకు కూడా సంచిలో వేసింది. డబ్బులిస్తే తీసుకోలేదు.