ఇంటిపేర్లు లేని ఊళ్ళో

"నాన్నా, మన ఇంటిపేరుకి అర్థం ఏమిటి?" అని మా అబ్బాయి అడిగితే జవాబు చెప్పలేకపోయాను. క్లాసులో ఎవరి ఇంటిపేరు కథ వాళ్ళు చెప్పాలట. స్మిత్ అంటే కమ్మరి అని వాడి స్నేహితుడు ఒక్క ముక్కలో తేల్చేశాడట. నాకు తెలిసింది ఒకటే. మా ముత్తాత 1942లో బాంబులకు భయపడి రంగూన్ నుంచి నడిచి వచ్చేశాడు. ఆయన తమ్ముడు అక్కడే ఉండిపోయాడు.

అందుకే యాంగోన్ వెళ్ళినప్పుడు పబేడాన్‌లో రెండు రోజులు తిరిగాను. చిత్రంగా, ఆ పేట పేరుకీ బర్మీస్‌లో కమ్మరుల వీధి అనే అర్థం! 1926 నాటి పాత స్కాట్ మార్కెట్ దాటి అనోరత రోడ్డు వైపు దిగితే మసీదులు, 26వ వీధిలో యూదుల ప్రార్థనా మందిరం, 1871లో తమిళులు కట్టిన కాళీ గుడి, అన్నీ కూతవేటు దూరంలోనే.

నా వెతుకులాట మొదటి గంటలోనే ఆగిపోయింది. బర్మావాళ్ళకి ఇంటిపేర్లు ఉండవు. పేరు ముందు వచ్చే ఊ, డా అనేవి మన గారు లాంటివే. తండ్రి పేరులో ఒక్క ముక్కైనా కొడుక్కి రావాలని లేదు.

మనవాళ్ళందరికీ అప్పట్లో అక్కడ ఒకటే పేరు: కోరంగీలు. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి వచ్చిన పేరది. 1839 తుపానులో ఆ రేవు దెబ్బతిన్నా పేరు మాత్రం నిలిచింది. శ్రీకాకుళం నుంచి వెళ్ళినా రంగూన్‌లో కోరంగీయే. ఆ పేరుతోనే రేవులో బస్తాలు మోశారు. 1930 మేలో రేవు కూలీల సమ్మె తర్వాత రేగిన అల్లర్లలో ఆ పేరుతోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు.

గుడి దగ్గర నా ఫోను మాటలు విని ఒక మామ్మగారు ఆగారు.

"ఏ ఊరు బాబూ? మీ ఇంటిపేరేటి?"

చెప్పాను. ఆవిడ ఎప్పుడూ వినలేదట. ఆవిడ కార్డు మీద ఉన్నది బర్మా పేరే.

"మరి మీ ఇంటిపేరు ఎలా గుర్తుంది మామ్మగారూ?"

"పిల్లలకి సంబంధాలు చూడొద్దా? ఒకే ఇంటిపేరోళ్ళు అన్నదమ్ములు కదా. కాయితంలో లేపోతే నోట్లో దాచుకున్నాం."

వెళ్ళబోతుంటే ఆపి, మా ఇంటిపేరు మళ్ళీ చెప్పమన్నారు. రెండుసార్లు తనలో తాను అనుకున్నారు. "ఎవులైనా ఈ పేరు చెప్తే, నీ వొచ్చి ఎతికావని చెప్తాను."

మా అబ్బాయికి అర్థం ఇంకా చెప్పలేదు. ఈ కథే చెప్పాను.