బండి మొండికేసింది!

సెల్ఫ్ నొక్కితే ఇంజను గిరగిరా తిరుగుతోంది, అంటుకోవడం లేదు. 2023 ఆగస్టు నెల, పొద్దున ఆరున్నర. ఏడింటికల్లా నేను ఎనుమాముల మార్కెట్‌లో ఉండాలి. అడ్తి దుకాణంలో గుమాస్తా ఆలస్యమైతే కాంటాలు ఆగవు, సేటు నోరూ ఆగదు.

బండ్ల గురించి నాకు తెలిసిందంతా కార్బొరేటర్ కాలం నాటిది. చోక్ లాగడం, రిజర్వులో పెట్టడం, స్కూటరైతే ఓ పక్కకు ఒంచడం, ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్ది, ఉఫ్‌మని ఊది బిగించడం. సగం రోగాలు వీటితోనే కుదిరేవి. ఈ బండికి చోకూ లేదు, రిజర్వూ లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని కొత్త బండ్లకూ కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పాతదాంట్లో ఇంజను గాలి పీలుస్తుంటే పెట్రోలు దాని వెంట తనంతట తనే వచ్చేది. ఇందులో ట్యాంకులో ఉన్న చిన్న మోటరు పెట్రోలును గట్టిగా తోస్తుంది, టైరులో గాలికన్నా ఎక్కువ ఒత్తిడితో. ఎప్పుడు, ఎంత చిమ్మాలో ఈసీయూ అనే నల్ల డబ్బా చెబుతుంది. ఇదంతా నాకు ఆ పొద్దున తెలియదు. తర్వాత డబ్బు భయంతో నేర్చుకున్నాను.

కిల్ స్విచ్ చూశాను. సైడ్ స్టాండ్ తీశాను. పెట్రోలుంది. బ్యాటరీ బాగానే ఉంది, లేకపోతే సెల్ఫే తిరగదు. మా సందు చివరి మెకానిక్ వచ్చాడు. సీటు విప్పి, పంపుకు వెళ్ళే తీగ దగ్గర బల్బు పెట్టి చూశాడు. వెలగలేదు. "కరెంటే వస్తలేదన్నా, కంప్యూటర్ పోయినట్టుంది. నాతోని కాదు" అన్నాడు. బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని సర్వీసు సెంటర్‌కు వెళ్ళాను. వాళ్ళు స్కానర్ తగిలించారు. ఏ తప్పూ చూపించలేదు. "కంప్యూటర్ బాగుంది సార్, పంపు పోయింది. సెట్టు మొత్తం మార్చాలి. తొమ్మిది వేలవుతుంది, పార్టు రావడానికి నాలుగు రోజులు" అన్నారు. ఒకాయన కంప్యూటర్ అన్నాడు, ఇంకొకరు పంపు అన్నారు. నాకు వినపడింది మాత్రం తొమ్మిది వేలు! అమ్మాయి కాలేజీ ఫీజు నెల అది. ఫోన్ చేస్తానని చెప్పి బండిని మళ్ళీ ఇంటికే తెచ్చుకున్నాను.

ఇదంతా బాపు అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఆయనకు నేనేమీ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు.

బాపు ఆజంజాహి మిల్లులో ఫిట్టరుగా చేశాడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు అది. ఒకప్పుడు వరంగల్‌లో పొద్దూ మాపూ దాని సైరన్‌తోనే నడిచేది. మగ్గాల షెడ్డులో వందల సాంచాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కవాడి మాట కూడా వినపడేది కాదట. పెదవుల కదలిక చూసి, చేతి సైగలతో మాట్లాడుకునేవాళ్ళు. యంత్రం మీద చెయ్యి పెట్టి రోగం పట్టేవాడు. మిల్లు మూతపడింది, ఆయన చెవులు అంతకుముందే మూతపడ్డాయి. మిషన్ పెట్టిస్తే గీ పెడుతుందని తీసి బీరువాలో పెట్టాడు. ఆయనకు ఏదైనా చెప్పాలంటే వీధంతా వినేలా అరవాలి. అరిచీ అరిచీ మేమే మానేశాం. ఇంట్లో ఏం జరుగుతోందని అడిగితే "ఏం లేదు" అని చెయ్యి ఊపేస్తాం. అమ్మ ఉన్నన్ని రోజులు ఆమె చెప్పేది.

మూడో రోజు సాయంత్రం ఆయనే లేచి వచ్చాడు. "ఏమైందిరా?"

"కంప్యూటర్ బండి బాపూ!" అని అరిచాను.

"అయితే ఏంది? ప్లగ్గు ఉండదా?"

ఉంటుంది. విప్పాను. ఎండిపోయి ఉంది. అన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా పెట్రోలు తడి లేదు. కొత్త ప్లగ్గు క్యాపుకు పెట్టి, ఇంజనుకు గట్టిగా తాకించి కొట్టమన్నాడు. (విప్పిన కంతకు దూరంగా పట్టుకోవాలి. ప్లగ్గును గాలిలో వేలాడదీసి కొడితే ఈసీయూకే ప్రమాదం.) నిప్పు నీలంగా వచ్చింది. "నిప్పుంది, నూనె లేదు" అన్నాడు. మూడు రోజులుగా ఇద్దరు చెప్పని సంగతి!

పెట్రోలు ఎట్ల వస్తుందని అడిగాడు. ట్యాంకులో మోటరుందని సైగ చేశాను. ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి తాళం తిప్పమన్నాడు. తిప్పాను. తల అడ్డంగా ఊపాడు. నేరుగా ఎదురింటికి వెళ్ళాడు. వాళ్ళదీ మా బండి రకమే. దాని ట్యాంకు మీద చెయ్యి పెట్టి తాళం తిప్పించాడు. ఆయన మొహం మారింది. "తిరుగుతంది... ఆగింది! ఎందుకు ఆగింది?"

తెలిసినవాణ్ని ఫోన్లో అడిగితే చెప్పాడు. తాళం తిప్పగానే పంపు రెండు మూడు సెకన్లు తిరిగి, పైపులో ఒత్తిడి నింపి ఆగిపోతుంది. ఇంజను తిరిగితేనే మళ్ళీ మొదలవుతుంది. ప్రమాదంలో బండి పడి ఇంజను ఆగిపోతే పెట్రోలు చిమ్ముతూ ఉండకూడదని ఆ ఏర్పాటు. అప్పుడు వెలిగింది నాకు. మన మెకానిక్ తాళం ముందే తిప్పి, తీరిగ్గా బల్బు పెట్టాడు. అప్పటికే కరెంటు వచ్చి పోయింది!

ఈసారి బల్బు ముందుగా తగిలించాం. ఒక కొస పంపుకొచ్చే తీగకు, ఇంకో కొస ఇంజనుకు. నేను తాళం తిప్పాను. బల్బు వెలిగి, మూడు సెకన్లకు ఆరింది. అంటే కంప్యూటర్ బతికే ఉంది. కరెంటు వస్తోంది, అయినా మోటరు తిరగడం లేదు. సర్వీసు సెంటర్ వాళ్ళు చెప్పిందే నిజమేమో! నీరసంగా కూలబడ్డాను.

"ఎర్తు సూసినవా?" అన్నాడు బాపు.

బల్బు రెండో కొసను ఇంజనుకు కాకుండా, అదే కనెక్టర్‌లో పంపు ఎర్తు తీగకు పెట్టించాడు. తాళం తిప్పితే వెలగలేదు. కరెంటు వచ్చే దారి బాగుంది, తిరిగి వెళ్ళే దారి తెగింది. (అన్ని బండ్లలో వైరింగు ఇలాగే ఉండదు, మీ బండి బొమ్మ చూసుకోండి.) ఆ తీగ వెంట వేళ్ళతో తడుముకుంటూ వెళితే సీటు కింద ఛాసిస్‌కు బిగించిన చోట ఓ బోల్టు దొరికింది. రింగు చుట్టూ పచ్చటి చిలుము.

చిలుము ఎక్కడిదో వెతకక్కర్లేదు. ఆ జులై చివరి వారం గుర్తుందా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. వరంగల్, హనుమకొండ కాలనీలు నీళ్ళలో మునిగాయి. మా వాకిట్లో బండి సీటు దాకా నీళ్ళలో ఓ రాత్రంతా నిలబడింది. నీళ్ళు పోయాక స్టార్టయింది కదా, ఏమీ కాలేదనుకున్నాను. లోపల చిలుము నెమ్మదిగా తన పని చేసుకుపోయింది. కంప్యూటర్‌కు ఎర్తు వేరే చోట ఉంది కాబట్టి దానికి ఏ తేడా తెలియలేదు. పెట్రోలు వస్తోందో లేదో కనిపెట్టే సెన్సరు మా బండిలో లేదు. ఇక స్కానర్ ఏం చూపిస్తుంది?

గరుకు కాగితంతో రింగూ, బోల్టూ తళతళలాడేలా రుద్దాం. బిగించాక బాపు ట్యాంకు మీద చెయ్యి పెట్టాడు. నేను తాళం తిప్పాను. వీధిలో పిల్లల గోల, పక్కింటి టీవీ, నాకేమీ వినపడలేదు.

"ఆ!" అన్నాడు బాపు. "ఇప్పుడు కొట్టు."

రెండోసారి నొక్కగానే అంటుకుంది.

మర్నాడు సర్వీసు సెంటర్ నుంచి ఫోన్. పార్టు వచ్చింది, బండి తెస్తారా అని. అవసరం లేదని పెట్టేశాను. "ఎవరురా?" అని అడిగాడు బాపు. చెయ్యి ఊపబోయి ఆగాను. పక్కన కూర్చుని మొదటినుంచీ చెప్పాను, అరుస్తూ. వీధంతా విన్నది. తొమ్మిది వేలు అన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు.