గెలలోనే ఉంది పథ్యం

గౌతమి మీద జొన్నాడ వంతెన దాటితే రావులపాలెం. కోనసీమకు ముఖద్వారం అంటారు. ఈ ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అరటి మార్కెట్టే. లంకల నుంచి సైకిళ్ల మీదా ఆటోల మీదా గెలలు వచ్చి దిగుతాయి. పాట అయ్యాక లారీలెక్కి పై రాష్ట్రాలకు పోతాయి. కర్పూర, చక్రకేళి, అమృతపాణి, బొంత... ఏ గెల ఏ రకమో ఈ చుట్టుపక్కల చాలామంది దూరం నుంచే చెప్పేస్తారు. ఇంత అరటి మధ్య బతుకుతూ, కడుపులో కాస్త తేడా చేయగానే మందుల షాపుకి వెళ్లి పేరైనా చదవకుండా మాత్ర మింగేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

కడుపుకి అరటి మంచిదని అందరూ అంటారు. ఏ అరటి, ఎంత పండింది, ఏ బాధకు అన్నదే అసలు సంగతి. పచ్చికాయలో ఎక్కువగా ఉండేది పిండిపదార్థం. అందులో చాలా భాగం చిన్నపేగులో అరగదు. పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. అవి దాన్ని పులియబెట్టినప్పుడు పుట్టే ఆమ్లాలు పేగు గోడకు సత్తువనిస్తాయి, ఉప్పునీ నీటినీ ఒంట్లోకి తిరిగి పీల్చుకోవడానికి తోడ్పడతాయి. విరేచనాలు పట్టుకున్నప్పుడు పచ్చికాయ పనిచేసేది అందుకే. కాయ మగ్గేకొద్దీ ఆ పిండి చక్కెరగా మారి, తేలిగ్గా అరిగే పండవుతుంది. మలబద్ధకం ఉన్నవాళ్లు పచ్చికాయ తింటే కొందరికి ఇంకా బిగుసుకోవచ్చు. వాళ్లకు బాగా మగ్గిన పండే మేలు.

ఇది పెద్దవాళ్ల మాట మాత్రమే కాదు. రోజుల తరబడి విరేచనాలు తగ్గని పసిపిల్లలకు బియ్యపు జావలో ఉడికించిన పచ్చి అరటికాయ కలిపి పెట్టి చూశారు ఢాకా పరిశోధకులు. ఉత్త జావ తాగిన పిల్లలకంటే వీళ్లు త్వరగా కోలుకున్నారని 2001లో ప్రకటించారు.

అంతకుముందు ఎప్పుడో 1924లో, న్యూయార్క్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ హాస్, తిన్నది ఒంటబట్టక చిక్కిపోతున్న పిల్లలకు అరటిపండ్ల పథ్యం పెట్టారు. పిల్లలు తేరుకున్నారు. మహిమంతా అరటిదేనని ఆయన నమ్మారు. ఆ జబ్బుకు కారణం గోధుమ అని తర్వాత డచ్చి వైద్యుడు విల్లెం డికె తేల్చారు. అరటి పథ్యంలో రొట్టెలు లేవు కాబట్టే పిల్లలు బతికి బట్టకట్టారు. ఏం తిన్నామన్నది ఎంత ముఖ్యమో, ఏం మానామన్నదీ అంతే ముఖ్యం. మనవాళ్లు పథ్యం అన్నది ఈ రెండింటినీ కలిపే.

పథ్యానికి బొంతకాయను మించింది లేదు. నిప్పుల మీదో, గ్యాస్ పొయ్యి సన్నమంట మీదో తొక్క నల్లబడేదాకా కాల్చి, వలిచి, ఉప్పూ వేయించిన జీలకర్ర పొడీ వేసి మెదపాలి. మెత్తగా వండిన అన్నంలో అది కలిపి తిని, పల్చటి మజ్జిగ తాగితే నీరసపడ్డ కడుపు కుదుటపడుతుంది. మలబద్ధకానికి అరటిదవ్వ మేలు. చక్రాలుగా తరుగుతుంటే ఒక్కో చక్రానికీ సన్నటి నార సాగుతుంది. దాన్ని చూపుడువేలికి చుట్టుకుంటూ తీసేసి, ముక్కల్ని పల్చటి మజ్జిగలో వేస్తే నల్లబడవు. పెసరపప్పుతో కూర చేసుకున్నా, పెరుగుపచ్చడి చేసుకున్నా కావలసినంత పీచు. అయితే పీచు తిన్నవాళ్లు నీళ్లు కూడా బాగా తాగాలి.

పొట్ట ఉబ్బరానికి భోజనం తర్వాత చిటికెడు వాము నమలడం, తొలిముద్దలో శొంఠిపొడి, నెయ్యి కలుపుకోవడం మనకు తెలిసినవే. గుండెల్లో మంటకి మాత్రం కారంకంటే రాత్రి పొద్దుపోయాక తిని వెంటనే పడుకోవడమే పెద్ద శత్రువు. తిన్నాక రెండు మూడు గంటలు ఆగి నడుం వాల్చాలి.

విరేచనాలకు కొబ్బరిబొండం చాలనుకోవడం కోనసీమలో మామూలే. కొబ్బరినీళ్లు మంచివే. కానీ విరేచనాల్లో ఎక్కువగా పోయేది సోడియం, అది వాటిలో తక్కువ. ఓఆర్ఎస్ పొట్లమే సరైన మందు. అది దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి.

వంటింటి వైద్యానికి హద్దుంది. విరేచనంలో రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, పసివాళ్లు మూత్రం పోయకుండా మగతగా పడి ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగరు ఉన్నవాళ్లు పండు కొలతగా తినాలి. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు అరటిలోని పొటాషియం గురించి డాక్టర్ని అడిగాకే ముట్టుకోవాలి.

వారంలో రెండు పూటలైనా అరటికాయో దవ్వో వండండి. రాత్రి భోజనం పెందలాడే ముగించండి. ఇంట్లో రెండు ఓఆర్ఎస్ పొట్లాలు ఎప్పుడూ ఉంచండి. చాలా చిన్న బాధలు మందుల షాపు దాకా రావు. ఇంట్లో తగ్గనిదేదో కూడా మీకు ముందే తెలిసిపోతుంది.