గంజ్ ఉద్దెర, నా క్రెడిట్ కార్డు

2023లో దీపావళి నవంబర్ 12న వచ్చింది. ఆ పండక్కి ఉస్మాన్‌గంజ్‌లో ఒక డ్రై ఫ్రూట్స్ టోకు వ్యాపారికి గిఫ్ట్ బాక్సుల ప్రచారం చేసిపెట్టాను. బాక్సులన్నీ పండక్కి రెండు రోజుల ముందే అయిపోయాయి. సేటు సంతోషించాడు, నాకు పేరొచ్చింది. ఆ పని మీద నా చేతి నుంచి తక్కువలో తక్కువ 14,971 రూపాయలు పోయాయి. నిద్రలో లేపి అడిగినా ఆ అంకె చెబుతాను.

గంజ్ నాకు కొత్త కాదు. మా బాపు అక్కడ ముప్పై ఏళ్లు గుమాస్తాగా పని చేశాడు. సెలవుల్లో టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్తే, గల్లీ మొదట్లోనే మిర్చి ఘాటుకు తుమ్ములు మొదలయ్యేవి. హమాలీలు బస్తాలు మోస్తూ "జరుగు, జరుగు" అని అరిచేవాళ్లు. జిల్లాల నుంచి వచ్చిన కిరాణా దుకాణందార్లు ఎంజీబీఎస్‌లో బస్సు దిగి, చీటీ చేతిలో పట్టుకుని బాపు ముందు నిలబడేవాళ్లు. సరుకు తీసుకుని, పుస్తకంలో రాయించుకుని వెళ్లిపోయేవాళ్లు. డబ్బు చేతులు మారడం నేను చూసింది తక్కువ.

కోఠి మహిళా కళాశాలలో డిగ్రీ అయ్యాక మాదాపూర్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో ఐదేళ్లు చేశాను. 2021లో మానేసి సొంతంగా మొదలుపెట్టాను. పెద్ద కంపెనీల కోసం పరుగెత్తాలనిపించలేదు. నేను పెరిగిన గల్లీల్లో సరుకు ఉంది, నాణ్యత ఉంది, కానీ గూగుల్ మ్యాప్‌లో వెతికితే సగం దుకాణాలు కనిపించవు. వాటి ఫొటోలు తీసి మ్యాప్‌లో పెట్టడం, వాట్సాప్ బిజినెస్‌లో ధరలతో కేటలాగ్ చేయడం, పండగలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ ప్రకటనలు నడపడం నా పని. చింతపండు, అప్పడాలు, మసాలా దినుసులు అమ్మేవాళ్లు మొదటి కస్టమర్లు.

సేటును పరిచయం చేసింది మా మేనమామ. అదే గల్లీలో దలాలీ చేసి పిల్లల్ని చదివించుకున్న మనిషి. సేటు దగ్గరకు వెళ్లేముందు యాభై శాతం అడ్వాన్సు అడుగుతానని చెప్పాను. మామ కోపంగా చూశాడు.

"గంజ్‌ల ముందుగాల పైసలడిగితే మళ్ల గడప తొక్కనియ్యరు బిడ్డా. పని చెయ్యి, ఖాతల రాయించు. మీ బాపు పేరుంది, పైసలు యాడికి పోతయి?"

బాపు పేరు ఎత్తేసరికి నా నోరు పెగల్లేదు. అడ్వాన్సు అడగలేదు. అంతకంటే పెద్ద తప్పు, గూగుల్ యాడ్ అకౌంట్ నా పేరు మీదే తెరిచి నా క్రెడిట్ కార్డు పెట్టాను. ప్రకటన అకౌంట్ కస్టమర్ పేరు మీదే ఉండాలన్నది ఏజెన్సీలో మొదటి వారం నేర్పిన పాఠం. తెలిసి తెలిసి దాటాను. ఇప్పటికీ ఎక్కువ బాధ పెట్టేది అదే.

ప్రకటనలకైన ఖర్చు 1,20,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 21,600. మొత్తం 1,41,600 నా కార్డు మీద పడింది. నా ఫీజు 25,000 సేటు దీపావళి రోజు మిఠాయి డబ్బాతో పాటు ఇచ్చాడు. ప్రకటనల డబ్బు మాత్రం "హిసాబ్ బాద్ మే దేఖేంగే" అన్నాడు.

డిసెంబర్ 5 కార్డు గడువు. మినిమమ్ డ్యూ 5 శాతం, 7,080 కట్టాను. మిగిలింది 1,34,520. నెలకు మూడున్నర శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 4.13 శాతం. అంటే 5,556. బాకీ మళ్లీ 1,40,076కి ఎక్కింది. జనవరిలో 7,004 కట్టాను, 5,496 వడ్డీ పడి 1,38,568 అయింది. రెండు నెలల్లో నేను కట్టింది 14,084, తగ్గిన బాకీ 3,032. ఆ రాత్రి కాగితం మీద ఈ తీసివేత మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే వచ్చింది.

ఫిబ్రవరిలో సేటు 60,000 ఇచ్చాడు, మొత్తం కార్డుకే కట్టాను. ఏప్రిల్‌లో ఇంకో 60,000. మధ్యలో మార్చిలో మళ్లీ మినిమమ్, 4,091. మిగిలిన 21,600 సంగతి అడిగితే, బిల్లు మీద వాళ్ల జీఎస్టీ నంబరు లేదు కాబట్టి ఇన్‌పుట్ క్రెడిట్ రాదని వాళ్ల సీఏ అన్నాడట. అది నిజమే. నేను జీఎస్టీలో నమోదు కాలేదు, సేవలకు ఇరవై లక్షలు దాటితే తప్ప అవసరం లేదు కదా. అందుకని నాకూ ఆ క్రెడిట్ రాదు. మేలో చివరి 21,796 నా సేవింగ్స్ నుంచి కట్టి కార్డు మూశాను.

మొత్తం కార్డుకు కట్టింది 1,59,971. సేటు ఇచ్చింది 1,20,000. తేడా 39,971. అందులో 21,600 పన్ను, 18,371 వడ్డీ. ఫీజు 25,000 తీసేస్తే 14,971. కార్డు గీకిన రోజు నుంచి గడువు దాకా బ్యాంకు వేసిన వడ్డీని ఇందులో కలపలేదు. కలిపితే ఇంకా పెరుగుతుంది.

అకౌంట్ సేటు పేరు మీద ఉంటే అతను 1,41,600 కట్టి, 21,600 తన పన్నులో సర్దుకునేవాడు. అతనికి పడే ఖర్చు అదే 1,20,000. నా ఫీజు నాకు మిగిలేది.

బంగారం కుదువ పెట్టి కార్డు తీర్చేస్తే వడ్డీ చాలా తగ్గేది. ఉద్యమ్‌లో ముందే నమోదు చేసుకుని ఉంటే 2006 చట్టం కింద 45 రోజుల్లోపు చెల్లించమని అడగగలిగేదాన్ని. కానీ బాపు పని చేసిన గల్లీలో ఒకరి మీద కేసు వేసే ధైర్యం నాకు లేదు.

మామ మాట అతని లోకంలో తప్పు కాదు. గుంటూరు మిర్చి, నిజామాబాద్ పసుపు, అనకాపల్లి బెల్లం లారీల్లో వస్తాయి. పంపినవాడు గడువిస్తాడు, ఆ గడువునే సేటు కిరాణా కొట్టువాడికి ఇస్తాడు. రొక్కానికి ఒక రేటు, ఉద్దెరకు ఒక రేటు. ఆగినందుకు పడే వడ్డీ ధరలోనే దాగి ఉంటుంది. ప్రతి మనిషి వెనక ఇంకొకడు ఓపిక పట్టి నిలబడతాడు. నా వెనక నిలబడింది బ్యాంకు ఒక్కటే. ఇదంతా మామకు కాగితం మీద చూపించాను. "వ్యాపారమన్నంక అటిటు అయితది" అని కాగితం మడిచి ఇచ్చేశాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటుంది. ఒక్కసారి "పొరపాటైంది బిడ్డా" అని ఉంటే ఆ డబ్బు ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

పోయినేడు దసరా ముందు సేటే ఫోన్ చేశాడు. వెళ్లాను. ప్రకటన అకౌంట్ మీ ఫోన్‌లోనే తెరుద్దాం, కార్డు మీదే పెడదాం అన్నాను. చెబుతున్నప్పుడు నా గొంతు కొంచెం వణికింది. సేటు గుమాస్తాను పిలిచి కార్డు తెప్పించాడు. జీఎస్టీ నంబరు అడిగే చోటికి వచ్చాక, సర్టిఫికెట్ ఎక్కడుందో చూడమని గోడ వైపు చేయి చూపించాను.

అక్కర్లేదన్నాడు. 36తో మొదలుపెట్టి పదిహేను అక్షరాలూ తడుముకోకుండా చెప్పాడు.