రాగిపలకపై వ్రాత

పూర్వం రాగిపై వ్రాత అంటే రాజశాసనం. నేడు సామాన్య విద్యార్థి కూడ రాగిపై వ్రాయగలడు. ఆ వ్రాతలో అక్షరాలకు బదులు విద్యుత్తు నడిచే బాటలుంటాయి. దానినే సర్క్యూట్ బోర్డు అంటాము. ఆస్ట్రియా దేశీయుడైన పాల్ ఐస్లర్ అనే ఇంజనీరు 1936 ప్రాంతంలో లండన్‌లో ఇట్టి పలకతో రేడియోను నిర్మించాడు.

తుళ్లూరు విద్యార్థులమైన మాకు అటువంటి పలకను స్వహస్తాలతో చేయాలనే కోరిక కలిగింది. బజారులో దొరికే వస్తువుకు ఇంత శ్రమ ఎందుకని పెద్దలు ప్రశ్నించారు. మేము గీసిన బాట ఎక్కడ తెగినా మేమే సరిదిద్దుకోగలమని వారికి మనవి చేశాము.

మేము ఎన్నుకున్నది మిరపమడిలో తేమను తెలిపే సర్క్యూటు. నల్లరేగడి నేల పైన ఎండినట్లు కనిపించినా లోపల తేమను దాచుకుంటుంది. మిరపకేమో నీరు నిలిస్తే గిట్టదు. మట్టిలో గుచ్చిన రెండు కడ్డీల నడుమ తేమ ఉంటే స్వల్ప విద్యుత్తు ప్రవహించి, ట్రాన్సిస్టరు ద్వారా చిన్న దీపం వెలుగుతుంది. దీపం ఆరితే మడి నీరు కోరుతున్నదని అర్థం.

నమూనాను లేజర్ ప్రింటరుపై నున్నని కాగితం మీద అచ్చు వేయించాము. దాని టోనరు వేడికి కరిగే ప్లాస్టిక్ పొడి. ఇంక్‌జెట్ సిరాకు ఆ గుణం లేదు. రాగిని ఉప్పుకాగితంతో తోమి, అచ్చును దానిపై బోర్లించి, కార్డులకు లామినేషన్ చేసే యంత్రంలో పది మార్లు పోనిచ్చాము. ఇస్త్రీపెట్టె ఒత్తిడి చోటుచోటుకు మారుతుంది. యంత్రపు రోలర్లు అంతటా సమంగా ఒత్తుతాయి. నీటిలో నానబెట్టి కాగితం ఒలిచాక నల్లని గీతలు రాగిపై నిలిచాయి. పిదప పలకను ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ఉంచాము. 35 మైక్రాన్ల రాగిపొర గీతల క్రింద తప్ప అంతటా కరిగిపోయింది. అసిటోనుతో టోనరు తుడిచి, రంధ్రాలు తొలిచి, సోల్డరింగు చేశాము.

నమూనాను అద్దంలోని ప్రతిబింబంవలె తిప్పి అచ్చు వేయాలన్న నియమం మా ఉర్దూ మిత్రులకు కాతిబుల విద్యను గుర్తు చేసింది. లిథో అచ్చు రోజులలో కాతిబు పూత కాగితంపై జిడ్డుసిరాతో వ్రాసేవాడు. ఆ వ్రాత రాతిపైకి తిరగబడి దిగేది. రాతి నుండి పత్రికపైకి వచ్చేసరికి సరి అయ్యేది. అక్కడ రెండు మార్లు ఒత్తటం, ఇక్కడ ఒక్క మారే. కావున మేము ముందుగానే తిప్పుకోవలసి వచ్చింది. తెలుగు మిత్రులకేమో కలంకారీ నీలి అద్దకంలో వాడిన మైనం స్ఫురించింది. మైనమున్న చోట రంగు అంటదు. టోనరున్న చోట రాగి కరగదు.

ఇక మిగిలిన ద్రావణం సంగతి. రాగి కలిసిన ఆ నీరు చేపలకు, పైరుకు విషం. అది కొండవీటి వాగులో గాని, పొలంలో గాని కలవరాదు. బట్టలసోడా కలిపి రాగిని మడ్డిగా దింపి, అంతా ప్లాస్టిక్ డబ్బాలో భద్రపరిచాము. మిరపకు మేలు కోరి చేసిన పలక మిరపనేలకే చేటు తేకూడదు గదా!

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం: గాలి ఆడే ఒక గది, రబ్బరు తొడుగులు, కంటి అద్దాలు, ఆ డబ్బాను సక్రమంగా చేర్చే ఏర్పాటు కల్పించండి. రాబోయే తరగతుల వారికి ఈ విద్యను మేమే నేర్పుతాము.