తూర్పు తిరిగి దండం పెట్టి చూడండి!

విమానంలో కిటికీ పక్క సీటు దొరికితే చాలనుకుంటాం కదండీ? నేనూ అలాగే అనుకుని బోల్తాపడ్డాను. మీరలా పడకూడదనే ఇది రాస్తున్నాను.

మా అమ్మకు డెబ్భై రెండేళ్లు. మంచుకొండలు చూడాలని ఆవిడకు ఎన్నాళ్లనుంచో కోరిక. బదరీ యాత్రకని నాన్న దాచిన డబ్బు మా అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లకు ఖర్చయిపోయింది. తర్వాత నాన్న పోయారు. అమ్మకు మోకాళ్లు పట్టేశాయి. మంచుకొండల బొమ్మ ఉన్న పాత క్యాలెండరు కాగితం మాత్రం వంటింటి గోడకు అలాగే ఉంది.

మా తమ్ముడికి సిలిగురి బదిలీ అయింది. కిందటి నవంబరులో ఢిల్లీలో చెల్లెలింట్లో రెండు రోజులుండి, అమ్మా నేనూ అక్కణ్ణుంచి బాగ్‌డోగ్రా విమానమెక్కాం. సుమారు రెండు గంటల ప్రయాణం. దారిలో హిమాలయాలు కనబడతాయని తమ్ముడు ముందే చెప్పాడు. అదనంగా డబ్బు కట్టి మరీ అమ్మకు కిటికీ సీటు తీసుకున్నాను. కానీ కుడి పక్కన!

గంట గడిచేసరికి ఎడమ వైపు వాళ్లంతా కిటికీలకు అతుక్కుపోయారు. "ఎవరెస్టు, ఎవరెస్టు" అని ఒకటే సందడి. మా వైపు కళ్లలోకి ఎండ, కింద మసక మసకగా మైదానం. అంతే! అమ్మ మెడ చాచి చాచి చూసి, "పోనీలేవే అమ్మాయ్, ఈ మోకాళ్లతో ఇంతదూరం రావడమే గొప్ప" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సిలిగురిలో ఉన్న వారం రోజులూ పొగమంచే. కాంచన్‌జంగ ఒక్కనాడూ కనబడలేదు. తిరుగు ప్రయాణానికి ముందురోజు మావారు ఫోన్ చేసి, "ఈసారైనా ఎడమ పక్క తీసుకో" అన్నారు. సరేనన్నాను.

మర్నాడు పొద్దున్నే అమ్మ పెరట్లో సూర్యుడికి దండం పెడుతోంది. పక్కన నిలబడ్డ నాకు చటుక్కున తట్టింది. తూర్పు తిరిగితే ఎడమ చెయ్యి ఉత్తరం. కొండలుండేది ఉత్తరానే. వచ్చేటప్పుడు విమానం తూర్పుకు వచ్చింది కనుక ఎడమ పక్క కనబడ్డాయి. ఇప్పుడు వెళ్లేది పడమరకు. వెనక్కి తిరిగి నిలబడితే ఉత్తరం కుడిచేతికి వచ్చింది! మావారి మాట వింటే మళ్లీ మైదానమే. ఆశ వదులుకోమనడానికి తూర్పు తిరిగి దండం పెట్టమంటారు గానీ, నాకు మాత్రం అదే దారి చూపించింది.

కుడి పక్కన, రెక్కకు బాగా వెనక సీట్లు తీసుకున్నాను. విమానం పైకి లేచిన కాసేపటికే మేఘాలమీద కాంచన్‌జంగ! 8,586 మీటర్ల ఎత్తు, ప్రపంచంలో మూడో శిఖరం. తర్వాత ఎవరెస్టు. అమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. చేతులు జోడించింది. చాలాసేపటికి, "మీ నాన్న దాచిన డబ్బు ఎక్కడికీ పోలేదే" అంది.

మీరు సీటు ఎంచుకునేటప్పుడు ముందు మ్యాపు చూడండి. వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి నిలబడి, చూడాల్సింది ఏ చేతివైపు ఉందో చూసుకోండి. ఇంటికి వాస్తు చూసుకునే మనకు ఇదో లెక్కా? వరుసకు ఆరు సీట్లుండే విమానాల్లో 'ఏ' ఎడమ కిటికీ, 'ఎఫ్' కుడి కిటికీ. మధ్య వరుసల్లో రెక్క అడ్డొస్తుంది కాబట్టి బాగా ముందుగానీ, వెనగ్గానీ తీసుకోండి. హిమాలయాలకైతే ఉత్తరం వైపు కూర్చుంటే మరో లాభం, చలికాలంలో ఎండ కళ్లలో పడదు, కొండలమీద పడుతుంది. వానాకాలంలో మాత్రం ఆశ పెట్టుకోకండి, అంతా మబ్బులే.

అన్నట్టు, ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ కిటికీ వాళ్లకే ఇవ్వండి. మనం మధ్య సీట్లో కూర్చుంటే ఏం పోతుంది చెప్పండి?